మునెప్ప కొన్న నీడమొక్క

మదనపల్లె డిపోలో కండక్టరుగా చేసే వరలక్ష్మికి కుప్పం రూటు కొట్టినపిండి. పుంగనూరు దాటాక ఏ స్టేజీలో కాలేజీ పిల్లలు తోసుకుంటూ ఎక్కుతారో, వెంకటగిరికోటలో ఎవరు పూలగంపలతో నిలబడి ఉంటారో తొంగి చూడకుండానే చెప్పగలదు. ఆమె తల్లి చౌడమ్మ రామసముద్రం పక్క తోటల్లో టమోటాలు కోసిన మనిషి. ఆ ఇంట్లోంచి చీరమీద ఖాకీ చొక్కా వేసుకుని నెలజీతానికి బయల్దేరిన మొదటి మనిషి వరలక్ష్మే. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, కదిలే బస్సులో నిలబడలేక సీట్ల మీద పడిపోతుంటే, డ్రైవరు మునెప్ప అద్దంలోంచి చూశాడు.

"పాపా, కాళ్లు ఎడంగా పెట్టు. బండి యాడికి వంగుతాదో నువ్వూ ఆడికే వంగు. దాంతో కొట్లాడొద్దు," అన్నాడు.

అప్పట్నుంచీ ఆయన ఆమెకు అన్న. పుంగనూరులో ఉండే ఆయన భార్య పూలమ్మ వదిన. డ్యూటీ చార్టులో ఇద్దరి పేర్లూ విడిగా పడితే, మునెప్పే పోయి ఎవరినో ఒకరిని బతిమాలి మార్పించుకునేవాడు. ఆయనకు ఎక్కువ మాటలు లేవు. ఆమెకూ లేవు. బస్సు నిండా జనం మాట్లాడుకుంటుంటే వాళ్లిద్దరూ ఊరకే పనిచేసుకుంటూ పోయేవాళ్లు.

మాఘమాసంలో ఒకరోజు కుప్పం నుంచి తిరుగు సర్వీసు తీసే ముందు మునెప్ప న్యూస్‌పేపరు చుట్టిన కుండీ ఒకటి రెండు చేతులతో పట్టుకొచ్చాడు. పేపరు పైనుంచి వెడల్పాటి ఆకులు కనిపిస్తున్నాయి. ఒక్కో ఆకు మీద ముగ్గు వేసినట్టు లేత గీతలు.

"ఏందన్నా అది?"

"సెట్టు పాపా. మీ వదినకు. మోకాలు ఆపరేషన్ అయినకాడ్నించి గోడ సూస్తా కూచోనుండానని నా తల తింటాంది. ఇది ఇంట్లో నీడకే బతుకుతాదంట. సెట్లమ్మే పిల్ల దీని పేరు చెప్పింది గానీ నాకు నోరు తిరగలా."

ఇంజను బానెట్ పక్కన కుండీ పెట్టి, ఒరగకుండా తన తుండుగుడ్డ దాని చుట్టూ దోపాడు. పేపరు జరిపి పింగాణీ కుండీ అంచును ఒకసారి తుడిచాడు కూడా. బస్సు కదిలింది.

వెంకటగిరికోట దాటి పలమనేరు వైపు పోతుంటే బస్సు నెమ్మదించింది. ఎడమపక్క చింతచెట్ల కిందికి జరిగింది. మట్టిలోకి చక్రాలు దిగాయి. హ్యాండ్‌బ్రేకు లాగిన చప్పుడు వెనక సీట్లదాకా వినిపించింది, ఆ తరవాత ఇంజను ఆగిపోయింది.

"యాలప్పా నిలిపినావు?" అని ఎవరో అరిచారు.

టైరు పంచరేమో అనుకుంది వరలక్ష్మి. చేతిలో ఉన్న టికెట్టు ముసలాయనకిచ్చి, సీట్లు పట్టుకుంటూ ముందుకొచ్చింది. మునెప్ప స్టీరింగు మీద తల ఆనించి ఉన్నాడు. చేతులు రెండూ దాని మీదే ఉన్నాయి. "అన్నా," అని భుజం కదిపింది. ఆ భుజం కదిలిన తీరుతోనే ఆమెకు అర్థమైంది. ప్రయాణికుల్లో ఎవరో కారు ఆపి ఆయన్ని ఆస్పత్రికి తీసుకుపోయారు. గుండె అప్పటికే ఆగిపోయిందని అక్కడ చెప్పారు.

ఆ సాయంత్రం డిపోలో అందరూ అదే మాట. పోతూ పోతూ బస్సెడు జనాన్ని కాపాడినాడని. ఆడవాళ్లు కొంగులు కళ్లకు అద్దుకున్నారు. మెకానిక్ పవన్ కుమార్ గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. వరలక్ష్మి టికెట్ మిషను అప్పగించింది. అధికారులు అడిగినవాటికి జవాబులు చెప్పింది. కళ్లు తడవలేదు. అంత్యక్రియలకు పుంగనూరు పోయినప్పుడు పూలమ్మ ఆమె చేతులు పట్టుకుని గుండెలవిసేలా ఏడ్చింది. వరలక్ష్మి ఆ చేతుల్ని పట్టుకుని నిలబడింది. ఎవరింట్లోనో జరుగుతున్న సంగతి కిటికీలోంచి చూస్తున్నట్టు ఉంది ఆమెకు.

"గుండె గట్టిది ఆ యమ్మకు," అంది వెనక ఎవరో.

గట్టిదీ కాదు, మెత్తనిదీ కాదు. కాలు మడిచి చాలాసేపు కూర్చుంటే తిమ్మిరెక్కి, అది తన కాలు కానట్టు ఉంటుంది చూడండి, ఒళ్లంతా అలా ఉంది. గిల్లితే ఎక్కడో దూరంగా తెలుస్తుంది. ఆమె డ్యూటీకి పోయింది, వచ్చింది. వండింది, వడ్డించింది. భర్త కిషోర్ మోటార్ల వైండింగ్ షాపు నుంచి వచ్చి ఏదైనా అడిగితే జవాబు చెప్పేది. చెప్పిన జవాబు మరుక్షణం గుర్తుండేది కాదు.

కొద్దిరోజులకు పవన్ కుమార్ ఆ కుండీని ఆమె దగ్గరికి పట్టుకొచ్చాడు. మునెప్ప క్యారియరు, తుండుగుడ్డ ఇంటివాళ్లకు చేర్చాడట. "ఇది నీదే కదక్కా? బానెట్ పక్కన ఉన్నింది," అన్నాడు.

నాది కాదు అనకుండానే ఆమె చేయి చాచి అందుకుంది. ఇంటికి తెచ్చి, పడమటి కిటికీ గట్టు మీద పెట్టింది. ఇది వదినకు చేర్చాలి అనుకుంది. రేపు, ఎల్లుండి అనుకుంటూ గడిపింది. ఆ ఇంటికి పోవాలంటే పూలమ్మ మొహం చూడాలి. ఆమె ఏడిస్తే తను మళ్లీ గుంజలా నిలబడాలి.

అంతలోనే ఆకులు చుట్టుకోసాగాయి. రెండు అంచులూ లోపలికి మడిచి బీడీ చుట్టినట్టు సన్నగా అయిపోతున్నాయి. చివర్లు ఎండి గోధుమరంగుకు తిరిగాయి. వరలక్ష్మి చెంబుడు నీళ్లు పోసింది. మరునాడు ఇంకో ఆకు చుట్టుకుంది. మళ్లీ పోసింది. చుట్టుకుపోయిన ఆకు కనిపించిన ప్రతిసారీ నీళ్లు పోసింది. కిందాకులు పసుపుపచ్చగా మారి వాలిపోయాయి.

"పారెయ్‌లే, అట్లాంటిదే ఇంగోటి కొనిద్దాం," అన్నాడు కిషోర్.

"అట్లాంటిది కాదు. ఆయన కొనింది ఇది."

ఇంతకు ముందు చాలా రోజులుగా ఆమె అంత గట్టిగా మాట్లాడలేదు. జబ్బుపడిన మొక్కను తీసుకుపోయి ఆ ఇంట్లో పెట్టకూడదని అప్పుడే ఆమె మనసులో పడింది. బాగుచేసి ఇవ్వాలి.

కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు భీమరావుకు రామసముద్రంలో టమోటా తోట, మిరప తోట ఉన్నాయి. ఆయన్ను మేడపైకి పిలిచింది. ఆయన కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి ఆకుల్ని వెనక్కి తిప్పి చూశాడు.

"ముడతమ్మా ఇది. మాకు మిరపలో వస్తాది. ఆకు పైకి ముడుసుకుంటే తామరపురుగు, కిందికి ముడుసుకుంటే నల్లి. ఒక తెల్ల కాయితం తే."

కాగితం ఆకు కింద పట్టి వేలితో తట్టాడు. నల్లి ఉంటే చుక్కలు రాలి పాకుతాయన్నాడు. దుమ్ము తప్ప ఏమీ రాలలేదు. సాలెగూడులాంటి సన్నటి పోగులు ఉన్నాయేమోనని కాడల సందుల్లో చూశాడు. అవీ లేవు.

"పురుగు లేదు. మందు కొట్టొద్దు, ఉత్తపుణ్యానికి కాలిపోతాది. దీని జాతి నాకు తెలీదు తల్లీ. అమ్మినోళ్లనే అడుగు."

అమ్మినవాళ్లు కుప్పంలో ఉన్నారు. మునెప్ప పోయాక వరలక్ష్మిని తిరుపతి సర్వీసుకు మార్చారు. ఆ రోడ్డు మీదికి మళ్లీ పంపితే ఆమె తట్టుకోలేదని డిపోలో అనుకున్నారు. ఆమే పోయి కుప్పం డ్యూటీ అడిగింది. కొత్త డ్రైవరు వినోద్ చింతచెట్లు వచ్చేటప్పటికి అద్దంలోంచి ఆమె వైపు చూశాడు. ఆమె టికెట్లు కొడుతోంది. చెట్లు వచ్చాయి, పోయాయి. లోపల ఏమీ కదలలేదు. ఏదో ఒకటి కదులుతుందేమోనని ఎదురుచూసింది కూడా.

కుప్పం బస్టాండు బయట రోజా అనే అమ్మాయి తోపుడుబండి నిండా మొక్కలు పెట్టుకుని అమ్ముతుంది. సరుకు కర్ణాటక వైపు నర్సరీల నుంచి వస్తుంది. వరలక్ష్మి ఫోన్లో ఫొటో చూపించింది.

"కలేథియా అక్కా ఇది. నా దగ్గరే కొనినారా?"

"డ్రైవరన్న కొన్నాడు. మునెప్పన్న."

"ఆ! పింగాణీ కుండీ కావాలని బేరమాడినాడు. వాళ్లావిడ కూచున్నకాడికి బాగా కనబడాలంట. అన్న రాలేదా?"

"లేడు. పోయినాడు. ఇది కొన్న రోజే, బండి నడపతా."

బస్సు ఎన్నింటికి అని అడిగితే చెప్పే గొంతుతోనే చెప్పింది. రోజా చేతిలోని నీళ్ల మగ్గు బండి మీద పెట్టేసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఒకసారి బేరమాడిన మనిషి కోసం ఈ పిల్లకు కన్నీళ్లు వస్తున్నాయే అని వరలక్ష్మి ఆశ్చర్యంగా చూసింది.

తరవాత రోజా ముక్కు తుడుచుకుని అడగడం మొదలుపెట్టింది. యాడ పెట్టినారు? ఎండ పడతాదా? నెత్తిన ఫ్యాను ఉండాదా? ఏ నీళ్లు పోస్తాండారు? మట్టి తడిగా ఉండాదా, పొడిగా ఉండాదా?

"ఆకు సుట్టుకుంటే నీళ్లు పోస్తాండా," అంది వరలక్ష్మి.

"అదే అక్కా తంటా. నీళ్లు తక్కువైనా సుట్టుకుంటాది, ఎక్కువైనా సుట్టుకుంటాది. ఏరు కుళ్లిపోతే నీళ్లల్లో ఉన్నా తాగలేదు. పైన సూస్తే దాహమేసినట్టే ఉంటాది. ఆకును నమ్మొద్దు. మట్టిలో ఏలు పెట్టి సూడు. రెండు కణుపుల లోతు పొడిగా ఉంటేనే పొయ్యి. ఆ పింగాణీ కుండీకి అడుగున బొక్క లేదు. లోపల ప్లాస్టిక్ కుండీ ఉండాది గదా, దాన్ని బయటికి తీసి నీళ్లు పోసి, అంతా కారినాక మళ్లా పెట్టల్ల. నేను ఆ అన్నకు చెప్పినా."

ఆయన ఇంటికి చేరి ఉంటే పూలమ్మకు చెప్పేవాడు.

"ఎండ, ఫ్యాను గాలి, బోరునీళ్లు, ఇవి మూడూ దీనికి పడవు. కానీ అన్నీ ఒకేసారి మార్చొద్దక్కా. ముందు ఏరు సూడు. అది తేరుకున్నాక తావు మార్సు. ఒక్కొక్కటే మార్సి సూస్తే ఏది తప్పో తెలుస్తాది."

ఇంటికొచ్చి కుండీ తీసి చూస్తే పింగాణీ అడుగున నీళ్లు నిలిచి మురుగు వాసన కొట్టింది. మట్టి కడిగితే సగం వేళ్లు నల్లబడి, పట్టుకుంటే పొట్టు ఊడి వస్తున్నాయి. మిగతావి తెల్లగా, గట్టిగా ఉన్నాయి. కత్తెరను వేడినీళ్లతో కడిగి నల్లటివన్నీ కత్తిరించింది. కొబ్బరిపొట్టు, ఇసక కలిపిన కొత్తమట్టిలో నాటింది. పూర్తిగా పసుపెక్కిన ఆకుల్ని తీసేసింది. పని చేస్తున్నంతసేపూ చేతులే చేశాయి. మనసులో ఆశా లేదు, దిగులూ లేదు. కూతురు ఇందు పక్కన కూర్చుని చూసింది. అమ్మ ఒక పనిని మొదలుపెట్టి చివరిదాకా చేయడం ఆ పిల్లకు చాలా రోజుల తరవాత కనిపించింది.

పసుపెక్కడం ఆగింది. చుట్టుకోవడం ఆగలేదు. సాయంకాలమైతే మిగిలిన ఆకులన్నీ పైకి లేచి దగ్గరగా మూసుకునేవి. అది చూసి మరింత పాడైందనుకుని మరుసటి ట్రిప్పులో రోజాకు చెప్పింది. రోజా నవ్వింది.

"అది జబ్బు కాదక్కా, దాని నైజం. పొద్దుగుంకితే మూసుకుంటాది, తెల్లారితే తెరుసుకుంటాది. పట్టపగలు సుట్టుకుంటేనే జబ్బు."

ఆ తరవాత ఆమె మొక్కను కిటికీ గట్టు నుంచి తీసి గది లోపల, వెలుతురు ఉండి ఎండ పడని గోడవార పెట్టింది. పట్టపగలు చుట్టుకోవడం సగానికి తగ్గింది. అంటే పడమటెండ ఒక తప్పు. ఫ్యాను గాలి తగలని మూలకు జరిపింది, ఇంకొంచెం తగ్గింది. అంచులు ఎండటం మాత్రం ఆగలేదు. వాళ్ల బోరునీళ్లు కాగబెడితే గిన్నెకు సున్నం పట్టినట్టు తెల్లటి పొర కడుతుంది. తాగడానికి తెచ్చుకునే క్యాన్ నీళ్లే పోయడం మొదలుపెట్టింది. పొద్దున్నే డ్యూటీకి పోయేముందు తడిగుడ్డతో ఆకుల పైనా కిందా దుమ్ము తుడిచేది. పురుగుందేమో చూసేది. చుట్టూ గాలి తేమగా ఉండాలని పళ్లెంలో గులకరాళ్లు పరిచి, రాళ్లు మునగకుండా నీళ్లు పోసి, దాని మీద కుండీ పెట్టేది.

చైత్రం ఎండలకు నడిమధ్యలోంచి పచ్చటి పుల్లలాంటిది ఒకటి లేచింది. బిగదీసి చుట్టిన ఆకు. ఇదీ చుట్టుకుపోయే పుట్టిందా అనుకుని వేలితో విప్పబోయి ఆగింది. ఫొటో తీసి రోజాకు పంపింది. "కొత్తాకు అట్లనే వస్తాది, ఇప్పొద్దు," అని జవాబు వచ్చింది. కొన్నాళ్లకు అది తనంతట తానే పరుచుకుంది. అంచు ఎక్కడా మడవలేదు. మాడలేదు. కిషోర్, ఇందు దాని ముందు నిలబడి సంతోషపడ్డారు. వరలక్ష్మి కూడా చూసింది. సంతోషం రాలేదు. ఇంక ఇచ్చిరావచ్చు అనుకుంది, అంతే.

వీక్లీ ఆఫ్ రోజు కుండీని ఒళ్లో పెట్టుకుని, టికెట్టు కొట్టించుకుని ప్రయాణికురాలిగా పుంగనూరు పోయింది. పూలమ్మ గోడవార మంచం మీద కూర్చుని ఉంది. సోమలలో ఉండే చెల్లెలు అంబిక వచ్చి వంట చేసి పెడుతోంది. వరలక్ష్మిని చూడగానే పూలమ్మ లేవబోయింది. మోకాలు పట్టేసింది.

"కూచో వదినా. ఇది అన్న నీకు కొన్నాడు. ఆ రోజు."

పూలమ్మ కుండీ వైపు చాలాసేపు చూసింది. ఏడుస్తుందని వరలక్ష్మి బిగుసుకుంది. ఆమె ఏడవలేదు.

"నాతో చెప్పలేదే," అంది చివరికి. "ఫోన్లో కూడా చెప్పలేదు. పెళ్లయినాక పూలు తప్ప ఏం తెచ్చినాడు గనక."

"గోడ సూస్తా కూచోనుండావని తెచ్చినాడు."

పూలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో, ఇంకోటో తెలియలేదు. "అయితే ఆ గోడకే పెట్టు," అంది.

ఆ గోడ దగ్గర చీకటి. పైన ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. వరలక్ష్మి గదంతా తిరిగి చూసి, ఉత్తరపు కిటికీకి కాస్త ఎడంగా స్టూలు వేసి పెట్టింది. మంచాన్ని అటు తిప్పింది. ఏలు పెట్టి ఎట్ల సూడాలో, ఏ నీళ్లు పోయాలో, పింగాణీ కుండీలోంచి తీసి ఎట్ల కార్చాలో, సాయంత్రం మూసుకుంటే యాల భయపడకూడదో, కొత్తాకు పుల్లలా వస్తే యాల ముట్టుకోకూడదో అన్నీ చెప్పింది. చెబుతూ చెబుతూ ఇంత మాట్లాడుతున్నానేంటి అని తనే ఆగింది.

పూలమ్మ అంతా విని అడిగింది. "నొప్పి తెలిసిందా ఆయనకు?"

అందరూ ఆమెకు చెప్పిన మాట, నిద్రలో పోయినట్టు పోయినాడని. వరలక్ష్మికి అబద్ధం రాలేదు.

"తెలిసింటాది వదినా. తెలిసినందుకే బండి పక్కకు తీసినాడు. బ్రేకు లాగినాడు. ఇంజను ఆపినాడు. అన్నీ వరసగా చేసినాడు."

పూలమ్మ తల ఊపింది. "అట్లనే చేస్తాడు," అంది.

"నాకు ఏడుపు రాలేదు వదినా. ఇంతవరకూ రాలేదు. ఏమైందో నాకు."

"నాకు వచ్చీ వచ్చీ నిలిచిపోయినాది. ఇప్పుడు నేనూ అంతే. వస్తే రానీ, రాకపోతే పోనీ. నువ్వు వచ్చినావు, అది సాలు. అన్నం తిన్నావా?"

అంబిక పెట్టిన అన్నం తిని, చేతులు కడుక్కుని, వరలక్ష్మి కింద చాప మీద ఒరిగింది. కాస్త నడుము వాలుద్దామనుకుంది. మాఘమాసం నుంచీ పగలూ రాత్రీ ఆమెకు సరైన నిద్ర లేదు. కళ్లు మూస్తే హ్యాండ్‌బ్రేకు చప్పుడు వినిపించేది. ఆ రోజు చాప తగలగానే ఒళ్లు బరువెక్కింది. ఎవరో దిండు పెట్టినట్టు తెలిసింది. ఆ తరవాత ఏమీ తెలియలేదు.

లేచేసరికి పొద్దు వాలింది. మదనపల్లె బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. పూలమ్మ మంచం మీద కూర్చుని, చేటలో చింతపండు గింజలు తీస్తోంది.

"లేపలేదేం వదినా?"

"లేపితే యాడికి పోతావు? ఇంగో బస్సు ఉండాది లే. కిషోర్ ఫోన్ చేసినాడు, నిద్రపోతాందని చెప్పినా."

వరలక్ష్మి మొహం కడుక్కుని వచ్చి ఆమె పక్కన కూర్చుంది. చేట దగ్గరికి లాక్కుని తనూ ఒక చింతపండు గింజ తీసింది. ఒంట్లో తిమ్మిరి అలాగే ఉంది. కానీ కడుపులో ఆకలి వేస్తోంది. మధ్యాహ్నం తిన్నది గుర్తులేనంత ఆకలి. వదినతో ఆ మాట చెబితే పూలమ్మ వంటింటి వైపు తిరిగి, రెండు రొట్టెలు కాల్చమని చెల్లెల్ని కేకేసింది.